ఎక్కని అటక

నేను ఉద్యోగంలో చేరింది డ్రాఫ్ట్స్‌మన్‌గా. ఆడదాన్నైనా ఆర్డరులో అలాగే రాశారు, రిటైరయ్యే దాకా ఎవరూ దిద్దలేదు. ఇళ్ళకు వెళ్ళడం, టేపు పరిచి కొలవడం, తిరిగొచ్చి పటం గీయడం, ముప్పై ఏళ్ళ పైచిలుకు అదే నా పని. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అగ్గిపెట్టెంత లేజరు పెట్టెను గోడకు చూపించి క్షణంలో కొలత చెప్పేస్తున్నారు. సంతోషమే. కానీ మీకు చెప్పాలనుకుంటున్నది నేను తీసిన కొలతల గురించి కాదు. తీయకుండా వదిలేసిన ఒకదాని గురించి.

బెంగళూరు పాత పేటలో కొన్ని వీధులను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలని సర్కారు తలపెట్టిన రోజులవి. ఆ వీధుల్లో ఎవరైనా ఇల్లు పడగొట్టుకోవాలంటే ఒక కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ ముందు పెట్టడానికి ఇంటి పటం, ఆ ఇల్లు ఇంకా నిలబడుతుందా లేదా అన్న రిపోర్టు మా ఆఫీసు నుంచి వెళ్ళాలి. ఆ పని నాకు పడింది. పడింది అనడం అబద్ధం. అడిగి వేయించుకున్నాను.

ఎందుకంటే నేనూ ఆ పేటలోనే పుట్టాను. మా తాత మగ్గం నేసేవాడు. మా ఇల్లు నా పెళ్ళికి ముందే అమ్ముడైపోయింది, ఆ చోట ఇప్పుడు ప్లాస్టిక్ సామాను గోదాము ఉంది. ఏ పాత ఇంటి గడప దాటినా నా కళ్ళు ముందు మా ఇంటిని వెతికేవి. ఒక ఇంట్లో నేల ఎరుపు మాదే అనిపించేది, ఇంకో ఇంట్లో మెట్ల కింద చీకటి మాదే అనిపించేది. కొలిచే మనిషికి ఇది మంచిది కాదని అప్పుడు తెలియదు.

నాతో పాటు సున్నం మేస్త్రీ ఒకాయన వచ్చేవాడు. బెంగళూరు శివారు ఆనేకల్ మనిషి, అప్పటికే అరవై దాటింది. దినకూలి లెక్కన మా ఆఫీసులో ఉండేవాడు. ఏ రిజిస్టరులోనూ ఆయనకు హోదా లేదు. గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఇటుకా మట్టా, సున్నం పట్టు వదిలిందా, చెమ్మ ఎంతదాకా ఎక్కిందీ చెప్పేవాడు. తర్వాత ఇంజనీరు వచ్చి గోడ తవ్వించి చూస్తే అదే ఉండేది. మధ్యాహ్నం ఏదో ఒక అరుగు మీద కూర్చుని నా డబ్బాలోది ఆయనకూ, ఆయన మూటలోని రాగి ముద్ద నాకూ పంచుకునేవాళ్ళం. ఉద్యోగంలో నాకు గుర్తున్న సంతోషం అంటే చాలావరకు ఆ అరుగులే.

నేను చెప్పే ఇల్లు ఒక జరీ వ్యాపారిది. ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ పంచుకున్నారు. పంచుకోవడమంటే ఇంటిని నిలువునా రెండు చేసి నడుమ గోడ కట్టేశారు. ఇంటి మధ్యలో ఆకాశానికి తెరిచిన చదరం ఒకటి ఉంటుంది, మా వైపు దాన్ని తొట్టి అంటారు. చుట్టూ నాలుగు కొయ్య స్తంభాలు. ఆ గోడ తొట్టిని కూడా రెండుగా కోసింది. అన్నకు రెండు స్తంభాలు, తమ్ముడికి రెండు. వాన పడితే అన్న వైపు సగం, తమ్ముడి వైపు సగం.

అన్న పడగొట్టాలన్నాడు. తమ్ముడు వద్దన్నాడు. అన్నదమ్ములు మాట్లాడుకోక పదేళ్ళు దాటింది, అందుకని ఆ మాట కూడా మా ఆఫీసుకు రాసిన అర్జీల ద్వారానే ఒకరికొకరు చెప్పుకున్నారు.

మొదటి రోజు ముందు హాలు కొలిచాం. అక్కడ కప్పుకు కింద నుంచి పలకలు కొట్టి ఉన్నాయి, దూలాలు కనబడవు. పలకల పైన అటక, దాని మీద మిద్దె. అటకకు దారి అన్న వైపు నుంచి, చిన్న చెక్క తలుపు, దానికి తుప్పు పట్టిన తాళం. తాళంచెవి ఎక్కడుందో అన్నకు తెలియదు.

మేస్త్రీ నడిమి గోడను తట్టాడు. ఒకచోట కాదు, కింద నుంచి చెయ్యి అందినంత మేరకూ.

"ఇది మోసే గోడ కాదమ్మా," అన్నాడు. "సుమ్నే, ఊరికే నిలబడుండాది. పైన దూలం ఎట్ల పోయిందో చూడల్ల. అటక ఎక్కి చూసినాకనే గీత గియ్యి."

"రేపు వస్తాం, తాళం తీయించి పెట్టండి," అని అన్నతో చెప్పి వచ్చేశాం.

ఆ రేపు రాలేదు. మర్నాడు ఇంకో వీధికి పొమ్మన్నారు. ఆ మర్నాడు మా పిన్నమ్మ మనవరాలి పెళ్ళి. తర్వాత వారం పటం అడిగారు. నిజం చెప్పాలంటే ఇవేవీ కారణాలు కావు. అటకలంటే నాకు భయం. చీకటి, గబ్బిలాల కంపు, కాలు వేస్తే పలక విరుగుతుందేమోనన్న దిగులు. చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడి చూసే మగవాళ్ళు. అప్పటికి వంద అటకలు ఎక్కి ఉంటాను, ప్రతిసారీ భయపడుతూనే. ఈ ఒక్కటి తప్పించుకుందామనుకున్నాను.

చేతి పటంలో దూలాలను చుక్కల గీతతో గీశాను. మా పనిలో చుక్కల గీతకు అర్థం, ఇది చూసింది కాదు, ఊహించింది అని. రెండు వైపుల దూలాలూ నడిమి గోడ మీదకు వచ్చి ఆగినట్టు చూపించాను. మామూలుగా అలాగే ఉంటుంది. తర్వాత దాన్ని కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు చుక్కలు పోయి నిండు గీత వచ్చింది. ఎక్కించింది నేనే. తెర మీద చూశాను కూడా. తర్వాత మారుద్దామనుకున్నాను. పది రోజులు అదే పటాన్ని చూస్తూ కూర్చున్నాక ఆ దూలాలు నిజంగా అక్కడే ఆగుతున్నాయని నాకే నమ్మకం కుదిరింది.

విచారణ రోజు కమిటీ గది నిండిపోయింది. వీధిలోవాళ్ళందరూ వచ్చారు. ఈ ఇల్లు ఎటు తేలితే తమ ఇళ్ళూ అటే తేలుతాయని అందరికీ తెలుసు. మొదట కన్నడంలోనే జరిగింది. కానీ అన్నదమ్ములది మా పేట తెలుగు, కమిటీలోని ఆర్కిటెక్టమ్మది హైదరాబాదు. మాట వేడెక్కేసరికి అందరూ తెలుగులోకి దిగారు.

ఆర్కిటెక్టమ్మ మంచి మనిషి. ఆ ఇంటి ఫొటోలు పెద్దవిగా వేయించి తెచ్చింది. "ఇలాంటి పిల్లర్స్ మళ్ళీ దొరకవండీ. ఈ సిటీలో ఇలాంటి హౌసెస్ ఎన్ని మిగిలాయని? ఇది మీ ఒక్కళ్ళ ఇల్లు కాదు, అందరిదీ," అంది.

అన్న భార్య వెనక వరుసలో కూర్చుని ఉంది. లేవడానికి కొంచెం సేపు పట్టింది. మాట మాత్రం నెమ్మదిగా, తడుముకోకుండా వచ్చింది.

"అందంగా ఉండాదమ్మా. నేను కాదనలా. పద్దెనిమిదేండ్లకు ఆ ఇంట్లోకి వచ్చినాను, ఆ కంబాలను నూనె పెట్టి తుడిచింది నేనే. కానీ బచ్చలిల్లు, అదే మీ బాత్రూము, ఇంటి వెనకాల కడాకు ఉండాది. వానలో తడుసుకుంటా పోవల్ల. నా మోకాళ్ళు చూడు. మీరు వచ్చి ఫొటో తీసుకోని పోతారు. ఇల్లు అందరిదీ అంటివే, వారానికొకరు వచ్చి ఆ బచ్చలిల్లు కడగతారా?"

కొందరు నవ్వారు. ఆర్కిటెక్టమ్మ నవ్వలేదు. తల దించుకుని ఏదో రాసుకుంది.

అప్పుడు తమ్ముడు లేచాడు. వదినె వైపు చూడలేదు. "వదినె చెప్పింది నిజమే సార్," అన్నాడు అధ్యక్షుడితో. పదేళ్ళలో ఆవిడ గురించి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదేనని తర్వాత ఎవరో చెప్పారు. "వాళ్ళ కష్టం వాళ్ళది. వాళ్ళ సగం వాళ్ళు ఏమన్నా చేసుకోనీ. నా సగం మాత్రం ముట్టద్దండి. మా నాయన పొద్దున లేచి ఆ తొట్టిలో నిలబడి మొగము కడుక్కుంటా ఆకాశం చూసేవాడు. నేనూ అంతే. నాకు ఇంగేమీ తెలీదు."

ఆ మాటతో గదిలో అందరికీ ఊపిరి ఆడింది. సగం పడగొట్టి సగం నిలబెట్టడం. ఇద్దరి కోరికా తీరుతుంది. అధ్యక్షుడు నా పటం ముందుకు లాక్కున్నాడు. కమిటీలోని చరిత్ర ప్రొఫెసరు ఒక్కడే అనుమానంగా చూశాడు. దూలాలు నడిమి గోడ మీదే ఆగుతున్నాయా, ఒక సగం తీస్తే రెండో సగానికి ఏమీ కాదా అని కన్నడంలో అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చూశారా?" అన్నాడు.

పటంలో నిండు గీత ఉంది. గదిలో అందరూ నా వైపు చూస్తున్నారు. తమ్ముడూ చూస్తున్నాడు. ఆయన మొహంలో ఆశ ఉంది.

"చూశాను సార్," అన్నాను.

నా ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలు లెక్కపెడితే చాలానే తేలతాయి. సెలవు కోసం, ఆలస్యం కోసం. వాటిలో ఏదీ ఇంత సులువుగా రాలేదు.

బయట బెంచీ మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఆయన్ను లోపలికి ఎవరూ పిలవలేదు.

"ఎక్కినావా అటక?" అన్నాడు.

"లేదప్పా."

"పొద్దున పోదాం రా. తాళం పగలగొడదాం."

"సగం తీయమని ఆర్డరు అయిపోయింది."

ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆ తర్వాత నెల రోజులు నాతో కలిసి అన్నం తినలేదు.

పడగొట్టే రోజు నేను అక్కడ ఉండాల్సిన పని లేదు. పొద్దున్నే వెళ్ళాను. మేస్త్రీ నాకంటే ముందే వచ్చి ఎదురు అరుగు మీద ఉన్నాడు. నేను కాస్త ఎడంగా కూర్చున్నాను. కూలీలు అన్న వైపు మిద్దె మీద సున్నం తవ్వి బుట్టలతో దించుతున్నారు. వీధి అంతా తెల్లటి దుమ్ము. పదకొండు గంటలకు మిద్దె ఒక పక్కగా తెరుచుకుంది. కాంట్రాక్టరు పిలుస్తుంటే నిచ్చెన ఎక్కాను.

అటక పైకప్పు పోయి వెలుగు పడుతోంది. దూలాలు కనబడ్డాయి. ఐదు టేకు దూలాలు, నల్లగా, మనిషి నడుమంత లావు. ఏదీ నడిమి గోడ మీద ఆగలేదు. ఒక్కొక్కటీ ఒకే మాను. అన్న వైపు బయటి గోడ నుంచి బయలుదేరి, నడిమి గోడను తాకీ తాకకుండా దాటి, తమ్ముడి వైపు చీకట్లోకి వెళ్ళిపోయాయి. నడిమి గోడ వాటి కింద ఊరికే నిలబడి ఉంది. మేస్త్రీ చెప్పినట్టే.

మొదటి దూలానికి రంపం పెట్టారు. వేలెడు లోతు తెగింది. దాని రెండో కొస కింద, హాలులో, తమ్ముడూ ఆయన భార్యా కూర్చుని కాఫీ తాగుతున్నారని నాకు తెలుసు. వచ్చేటప్పుడు కిటికీలోంచి చూశాను. నాకూ పోస్తామంటే వద్దన్నాను.

"ఆపండి," అన్నాను.

కాంట్రాక్టరు ఆర్డరు కాగితం తీశాడు. "ఇందులో కొయ్యమనే ఉండాది కదా మేడమ్."

"ఆ ఆర్డరు నా గీత మీద ఇచ్చినారు. నా గీత తప్పు. నేను ఈ అటక ఎక్కలేదు."

పైన పదిమంది కూలీలు, కింద వీధి నిండా జనం. ఈ మాట కమిటీ గదిలో చెప్పడం కంటే ఇక్కడ చెప్పడం కష్టం కాదా అని మీరు అనుకోవచ్చు. కాదు. రంపం చూశాక ఏదీ కష్టం కాదు.

మేస్త్రీ అప్పటికే తమ్ముడి ఇంట్లోకి వెళ్ళి ఇద్దరినీ బయటికి తెచ్చాడు. సాయంత్రంలోగా దూలాల కింద సరుగుడు కట్టెలు నిలబెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. అందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

కానీ ఇల్లు దక్కలేదు. తెరిచిన మిద్దె మీద టార్పాలిన్ కప్పాం. కమిటీ మళ్ళీ కూర్చోవడానికి తేదీ వెతుకుతుండగా వానలు పట్టుకున్నాయి. సున్నం నీళ్ళు తాగింది, మట్టి గోడలు ఉబ్బాయి. మూడు వారాల తర్వాత మళ్ళీ నన్నే పంపారు. ఈసారి ప్రతి మూలా ఎక్కి చూశాను. ఇల్లు మొత్తం ప్రమాదం, వెంటనే దించాలి అని రాశాను. అందులో ప్రతి అక్షరం నిజం.

ఆ సంతకం పెట్టే ముందు మేస్త్రీని గోడ తట్టమన్నాను. ఆయన చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేశాడు. "ఎందుకమ్మా," అన్నాడు.

మా పై అధికారి నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నేను చూడకుండా గీశానని ఫైలులో రాయవద్దన్నాడు. "పాత ఇండ్లలో ఇట్లాంటివి అవుతాంటాయి. దూలాలు బయటికి తెలియలేదని ఒక్క వాక్యం రాయి, చాలు. నీకింకా సర్వీసుండాది." ఆయన చెడ్డవాడు కాదు. నా మంచికే చెప్పాడు. నేను జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మెమో వచ్చింది. తర్వాత బదిలీ వచ్చింది.

తమ్ముడు ఒకసారి మాత్రం ఆఫీసుకు వచ్చాడు. గొడవ పడతాడనుకున్నాను. నా బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు, "తాళం ఒగటే కదమ్మా. నన్ను అడిగింటే నేనే పగలగొట్టిచ్చేవాణ్ణి. అన్నతో మాటలు లేకపోతే ఏమి, తాళానికి ఏముండాది."

ఆయన్ను గేటు దాకా సాగనంపి వచ్చాను.

ఆ రోజు కమిటీలో నిజం చెప్పి ఉంటే ఇల్లు నిలిచేదా? ఎన్నోసార్లు ఆలోచించాను. సగం తీయడం కుదరదని తేలితే, మొత్తం ఉంచమనేవాళ్ళో, మొత్తం తీయమనేవాళ్ళో. మొత్తం ఉంచితే ఆ పెద్దామె వానలో తడుస్తూనే ఉండేది. ఏది న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ తేల్చుకోవలసింది వాళ్ళు, ఉన్నది ఉన్నట్టు తెలిసి. ఆ దూలాల సంగతి తెలిస్తే అన్నదమ్ములు ఒకసారైనా ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చేది. ఆ అవకాశం నేను గీతతో కొట్టేశాను. పాత ఇల్లంటే ప్రాణం అని చెప్పుకునే మనిషిని, దాన్ని పూర్తిగా చూడకుండానే ప్రేమించాను.

బదిలీ ఆనేకల్ వైపు. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ షెడ్లు కొలిచే పని. అక్కడ దాచడానికి ఏమీ ఉండదు, ఇనుప దూలాలన్నీ నెత్తి మీదే కనిపిస్తాయి. సెలవు రోజుల్లో మేస్త్రీ దగ్గరికి పోయేదాన్ని. అప్పటికి ఆయన పని మానేసి చందాపురలో కూతురి ఇంట్లో ఉన్నాడు. కొత్త ఫ్లాటు. మొదటిసారి వెళ్ళినప్పుడు మర్యాదగా గోడ తట్టి చూపించి, "ఇది ఏమీ మాట్లాడదమ్మా," అని నవ్వాడు. మళ్ళీ కలిసి అన్నం తిన్నాం. ఆ ఇంటి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరోజు నేనే ఉండలేక, క్షమించమని అడిగాను. "నేనన్నా ఆ పొద్దే లోపలికొచ్చి చెప్పల్సింది," అన్నాడు. "కూలోణ్ణి, నా మాట ఎవురింటారులే అని బెంచీ మీదనే కూసుండిపోతి." ఆయనకూ అది అన్నేళ్ళూ మనసులో ఉందని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు పోయాడు.

రిటైరయ్యాక ఒక పొద్దున పేటలో ఏదో కొనడానికి వెళ్ళి ఆ వీధిలోకి నడిచాను. ఇంటి చోట నాలుగంతస్తుల బిల్డింగు. గేటు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. "రామ్మా లోపలికి," అన్నాడు.

ఇద్దరూ అక్కడే ఉంటున్నారట. అన్న రెండో అంతస్తులో, ఆయన మూడో అంతస్తులో. బిల్డింగు కట్టించడానికి కలిసి సంతకాలు పెట్టాల్సి వచ్చిందట, అలా మాటలు మొదలయ్యాయట. నడిమి గోడ లేదు మరి.

కింద కార్లు నిలిపే చోట నిలబడి మాట్లాడుతున్నాం. ఆయన నేల వైపు చూస్తూ అడిగాడు. "ఒక మాటమ్మా. ఈడ తొట్టి యాడుండేది? నాకు తెలియకుండా పోతాండాది. రోజూ ఈడ నడుస్తాను, పోల్చుకోలేకపోతాండాను."

నాకు గుర్తుంది. అంగుళంతో సహా. గేటు నుంచి అడుగులు వేస్తూ లోపలికి వెళ్ళాను. ఇది గడప. ఇది హాలు. ఇక్కడ మొదటి కంబం, ఈ నీళ్ళ పైపు దగ్గర రెండోది. ఆయన నా వెనకే నడిచాడు. నేను ఆగమన్న చోట ఆగి తల ఎత్తి చూశాడు. పైన కాంక్రీటు. అయినా కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

అంతలో లిఫ్టు తెరుచుకుంది. ఆయన వదినె, కర్ర పట్టుకుని, ఇంకో చేతిలో కూరల సంచి. మేం ఏం చేస్తున్నామో కాసేపు చూసింది. నేను గోడ వైపు తిరిగి, "ఇక్కడ వంటిల్లు, పొయ్యి ఇక్కడ," అన్నాను.

"ఆడ కాదు," అంది ఆవిడ. "ఇంగ స్వల్ప ఈ పక్కకి. ఆడ పెడితే పొగ తొట్టిలోకి కొడతాండాదని నేనే మార్పించినా."

సంచి కింద పెట్టింది. కర్రతో చోటు చూపించింది. గేటు దగ్గరి వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీని తమ్ముడు తెచ్చి ఆ చోట వేశాడు. ఆవిడ కూర్చుంది. నాకు ఆ క్షణంలో వేడి బూడిద వాసన వచ్చిందని చెబితే మీరు నమ్మనక్కరలేదు.

గేటులోంచి కారు ఒకటి వచ్చి మా ముందు ఆగింది. అది ఆ కారు నిలిపే చోటేనట. నడిపే కుర్రాడు, పై అంతస్తులో అద్దెకుండే ఐటీ ఉద్యోగి, అద్దం దించి మర్యాదగా, "ఆంటీ, కొంచెం జరుగుతారా?" అన్నాడు.

ఆవిడ కదల్లేదు.

"రెండు నిమిషాలు ఆగప్పా," అంది. "వంటింట్లో ఉండాము."